ఒడ్డుకు తెచ్చిందెవరు

అత్తను ఆస్పత్రి నుంచి ఇంటికి తీసుకొచ్చేశాం. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. ఊపిరితిత్తుల్లోకి నీళ్ళు పోయాయి కాబట్టి కొన్నాళ్ళపాటు ఈత మాటే ఎత్తొద్దని డాక్టరు గట్టిగా చెప్పారు. డ్యామ్ నీళ్ళలో మునిగిపోతున్న ఆడపడుచును అమ్మ ఒడ్డుకు లాక్కొచ్చిందన్న సంగతి మాత్రం అత్తకంటే ముందే మా వీధికి చేరిపోయింది. పాలు పోసే ఆమె అడిగింది. ఎదురింటి తాతగారు అడిగారు. అమ్మ కుట్టిన యూనిఫారాలు ఫ్యాక్టరీకి తీసుకెళ్ళే డ్రైవరైతే బండి దిగి మరీ అమ్మకు సెల్యూట్ కొట్టి వెళ్ళాడు.

అమ్మ ఆ రోజు నుంచి నీళ్ళ వైపు పోలేదు. అవతల పందెం దగ్గర పడింది. వేరే దేశంలో చల్లటి సరస్సులో ఈది, కొండదారిలో సైకిలు తొక్కి, ఆ మీదట పొద్దు వాలేదాకా పరుగెత్తాలి. పందెం ముందు సాధన తగ్గించాలని, అప్పుడే ఒంట్లో సత్తువ నిలుస్తుందని అమ్మకు తర్ఫీదిచ్చే ఈల మాస్టారు చెప్పారు. ఆయన అసలు పేరు ఎవరూ వాడరు. మెడలో ఈల లేకుండా ఆయన్ను చూసినవాళ్ళు లేరు. అమ్మ సైకిలు తొక్కుతోంది, పరుగెత్తుతోంది, ఈత ఒక్కటే మానేసింది. ఎవరైనా అడిగితే "మాస్టారే తగ్గించమన్నారు" అనేది. నేను నమ్మాను. అమ్మ అబద్ధమాడుతుందని అప్పటికి నాకు తెలియదు.

ఆ ఉదయం పత్రికాయన వచ్చాడు.

ముందుగదిలో సగం అట్టపెట్టే ఆక్రమించింది. నాన్న అందులో అమ్మ సైకిలు సర్దుతున్నాడు. చక్రాలు ఊడదీసి పాత దుప్పట్లు చుట్టాడు. ఎడమ పెడల్ దగ్గర మాత్రం చెమటలు పట్టాయి.

"రాదేంటిది! తిప్పినకొద్దీ బిగుస్తోంది."

"ఎడమదాని మర తిరగేసి ఉంటుంది అన్నయ్యా. అటు తిప్పు" అంది అత్త కుర్చీలోంచి. మెడకు పలచటి తువ్వాలు చుట్టుకుని కూర్చుంది.

"నువ్వు మాట్లాడకు. గొంతుకి విశ్రాంతివ్వమన్నారు."

"నేను మాట్లాడకపోతే నీ పెళ్ళాం అక్కడ ఒక పెడల్‌తోనే తొక్కాలి."

పత్రికాయన నవ్వుతూ కూర్చున్నాడు. అమ్మ తలుపు పక్కనే నిలబడింది, కూర్చోమన్నా కూర్చోలేదు. ఆయన అత్తను అడిగాడు.

"మీ వదినగారు మిమ్మల్ని చెయ్యి పట్టి లాగారా, జుట్టు పట్టి లాగారా?"

"జుట్టు పట్టుకోవడం ఇంట్లో అలవాటేనండీ. నీళ్ళలో గుర్తులేదు."

అందరూ నవ్వారు. అమ్మ నవ్వలేదు. పత్రికాయన నా వైపు తిరిగాడు. "ఒడ్డున ఉన్నది నువ్వే కదా పాపా? నువ్వు చెప్పు."

నాకు కొత్తవాళ్ళతో మాట్లాడాలంటే నాలుక పిడచగట్టుకుపోతుంది. తలుపు తెర వెనక్కి జరిగాను. అయినా చెప్పడానికేముంది? "అమ్మ అత్తను లాక్కొస్తోంది!" అని ఆ రోజు గొంతు చించుకుని అరిచింది నేనే. చేపలు పట్టేవాళ్ళు ఆ అరుపు వినే పరుగెత్తుకొచ్చారు. వాళ్ళు ఊళ్ళో చెప్పింది కూడా ఆ మాటే.

"పోనీ, ఆ రబ్బరు సూటు వేసుకుని ఒక్క ఫొటో" అన్నాడు పత్రికాయన అమ్మతో.

"వద్దండీ."

"వేసుకోవే, సిగ్గెందుకు?" అన్నాడు నాన్న. "అక్కడ అన్ని వందలమంది ముందు వేసుకోవాలి కదా."

ఆ సూటును మాస్టారి పాత శిష్యుడొకాయన విదేశం నుంచి పార్సెల్లో పంపాడు. సరస్సు చల్లగా ఉంటుంది కాబట్టి అది లేకుండా నీళ్ళలోకి దిగనివ్వరట. డ్యామ్‌కి వెళ్ళిన రోజే అమ్మ దాన్ని మొదటిసారి వేసుకుంది. మాస్టారు అప్పుడు కూతురింటికి వెళ్ళి ఉన్నారు.

అమ్మ చాలాసేపటికి బయటికొచ్చింది. పాదాల నుంచి గొంతు దాకా నల్లగా, ఒంటికి అతుక్కుపోయి ఉంది. జిప్పు పొట్ట దగ్గర మొదలై గడ్డం కిందిదాకా వచ్చింది. మెడ పైకి ఉబ్బి, ముఖం ఎర్రబడింది. "సింహంలా ఉన్నారు!" అన్నాడు పత్రికాయన. కెమెరా ఎత్తేలోపల గుమ్మంలో మాస్టారు చెప్పులు విడుస్తూ కనిపించారు.

ఆయన అక్కడే ఆగిపోయారు.

"ఇదేంటమ్మా?"

"ఫొటోకండీ, ఈయన అడిగితే..."

"అది కాదు. జిప్పు ముందుకెందుకొచ్చింది?"

"ముందు కాక ఎక్కడుంటుంది మాస్టారూ?"

"వీపు మీద."

నాన్న చేతిలో పానా అలాగే ఉంది.

అమ్మ కుట్టేది ఫ్యాక్టరీ పనివాళ్ళు వేసుకునే యూనిఫారాలు. పైనించి కిందిదాకా ఒకటే బట్ట, జిప్పు ముందు. పెళ్ళికి ముందు నుంచీ అవే కుడుతోంది. పార్సెల్ విప్పగానే సూటును మంచం మీద పరిచి "ఇదీ మనదే, కాకపోతే రబ్బరుది" అని నవ్వింది కూడా. మనిషి తన చేత్తో తను వేసుకునే బట్టకు జిప్పు వెనక పెట్టేవాడెవడు?

"జిప్పుకి పొడుగాటి తాడుండాలే" అన్నారు మాస్టారు. "చెయ్యి వెనక్కి పెట్టి లాక్కోవడానికి. అదేది?"

అమ్మ నేల చూపులు చూసింది. "దారం వేలాడుతోంటే... కత్తిరించేశాను."

ముందు పత్రికాయన నవ్వాడు, ఆపైన నాన్న పకపకా నవ్వాడు. "ఇన్నేళ్ళు కుట్టుపని చేసి బట్ట తిరగేసి వేసుకున్నావా!" అత్త నవ్వబోయి దగ్గులో పడింది. అమ్మకి తల కొట్టేసినట్టయింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఆ జిప్పునే అరచేత్తో కప్పుకుంది. నాకు కూడా చెవులు వేడెక్కాయి. నవ్వుతున్న నాన్న మీద కోపం వచ్చింది, నవ్వించిన అమ్మ మీద ఇంకా ఎక్కువ వచ్చింది.

మాస్టారు నవ్వలేదు. దగ్గరికొచ్చి అమ్మ గొంతుకి, సూటు మెడకి మధ్య వేలు దూర్చబోయారు. దూరలేదు.

"ఏ చొక్కాకైనా మెడ వెనక ఎత్తు, ముందు పల్లం. నీకు నేను చెప్పాలా? తిరగేస్తే ఆ ఎత్తంతా గొంతు మీద పడుతుంది. నీళ్ళలో చెయ్యి విసిరినప్పుడల్లా నొక్కేస్తుంది." ఆయన ఆగారు. "ఇలాగే దిగావా డ్యామ్‌లో?"

అమ్మ తలూపింది.

"ఇలా ఉంటే నీకే ఊపిరాడదు కదమ్మా. మరి నువ్వు ఈ అమ్మాయిని ఎలా లాక్కొచ్చావు?"

ఆయన గొంతులో అనుమానమేమీ లేదు. నిజంగా అర్థంకాకే అడిగారు. పత్రికాయన రాయడం ఆపి తలెత్తాడు.

"మా వదిన మొండిఘటం అండీ" అంది అత్త గబగబా. "పట్టిందంటే వదలదు."

"జిప్పు ఇరుక్కుంది" అంది అమ్మ. ఆ గొంతు అమ్మది కాదనిపించింది. "మీరిద్దరూ ఒకసారి లోపలికి రండి" అంది అత్తనూ నన్నూ చూసి.

కుట్టుగదిలో మూడు మిషన్లు, గోడవారగా పైకప్పు అందుకునేలా నీలం యూనిఫారాల గుట్టలు ఉంటాయి. తలుపేసేసరికి బయటి మాటలు ఆగిపోయాయి. నేను జిప్పు లాగాను. అత్త వెనక నిలబడి సూటును భుజాల మీద నుంచి ఒలవడం మొదలుపెట్టింది. పచ్చి కాయ మీది తొక్కలా ఒక పట్టాన రాలేదు.

"సూటు వల్లేనన్నమాట" అంది అమ్మ ఉన్నట్టుండి. "విన్నావుగా? గొంతు నొక్కేసిందిట. నాకేమైందో నాకే తెలియలేదు. సూటు వల్లే."

అత్త చేతులు ఆగిపోయాయి.

"అవును, సూటు వల్లే" అంది. "నా తల మీద మోకాలు పెట్టింది సూటే. పైకొచ్చిన ప్రతిసారీ నన్ను కిందికి తొక్కిందీ సూటే."

నాకు మొదట అర్థంకాలేదు. అత్త మెడకున్న తువ్వాలు విప్పింది. చెవి కింద నుంచి భుజం దాకా గోళ్ళు దిగిన గీతలు, పొక్కు కట్టి ఉన్నాయి. అవి ఎవరి గోళ్ళో అడగాల్సిన పని లేకపోయింది. అత్త నన్ను చూసి మళ్ళీ కప్పుకోబోయింది గానీ అప్పటికే ఆలస్యమైంది.

"దాని ముందు ఎందుకు..." అంది అమ్మ.

"దానికీ తెలియాలి. పాపం, ఒడ్డున నిలబడి మా అమ్మ మా అమ్మ అని అరిచింది పిచ్చిపిల్ల."

అత్త చెప్పింది. నీళ్ళ మధ్యలో అమ్మ ఒక్కసారిగా ఈదడం ఆపేసి అత్త మీదికి ఎగబాకిందట. "వదినా, వదులు" అనడానికి నోరు తెరిస్తే నోటినిండా నీళ్ళు. ఎలాగో కిందికి మునిగి, విడిపించుకుని, దూరంగా తేలి, అవసరమైతే పట్టుకుని తేలడానికి తన నడుముకి తాడుతో కట్టుకున్న నారింజ రంగు గాలి బుడగను అమ్మ వైపు తోసింది. అమ్మ ఆ బుడగను రెండు చేతులా కరుచుకుని ఒడ్డువైపు కాళ్ళు కొట్టింది. వెనక తాడు చివర, ఈదే ఓపిక లేక, అత్త ఈడ్చుకుంటూ వచ్చింది.

ముందు అమ్మ, వెనక అత్త. ఒడ్డు మీద నుంచి నాకు కనిపించింది అదే.

"ఎందుకు చెప్పలేదు మరి నువ్వు?" అంది అమ్మ. నడుము దాకా ఒలిచిన సూటు చేతులు రెండూ ముందుకు వేలాడుతున్నాయి. "మొదటి రోజే చెప్పి ఉండొచ్చు కదా."

"నువ్వు చెబుతావని చూశాను."

"ఎలా చెప్పను? అందరూ..."

"అందరికీ కాదు వదినా, నాకు. ఆస్పత్రిలో మనమిద్దరమే ఉన్నాం ఒక పూటంతా. నువ్వు పండు వలిచి పెట్టావు, దుప్పటి కప్పావు, అటు తిరిగి కూర్చున్నావు. 'నిన్ను ముంచేశానే' అని ఒక్క మాటంటే సరిపోయేది, నేను నవ్వేసేదాన్ని. సాయంత్రం అన్నయ్యొచ్చి నీ చేతులు పట్టుకుని, మా చెల్లిని బతికించావని ఏడ్చాడు. ఆ చేతులు నువ్వు వెనక్కి తీసుకోలేదు. తల వంచుకున్నావు. అది అణకువ అనుకున్నారందరూ."

అమ్మ స్టూలు మీద కూలబడింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. మిషన్ మీదున్న బట్టను ఊరికే చేత్తో సాపు చేస్తూ కూర్చుంది.

"తెల్లారి చెబుదామనుకున్నాను" అంది. "తెల్లారేసరికి వీధిలో తెలిసిపోయింది. ఆ మరునాడు చెబుదామంటే ఫ్యాక్టరీ దాకా పోయింది. ఎవరైనా మెచ్చుకుంటే ఒళ్ళంతా తేళ్ళు పాకినట్టుంటోంది నాకు. అన్నం నోట్లో పెట్టుకుంటే నువ్వే గుర్తొస్తున్నావు, నోరు తెరుచుకుని నీళ్ళ కింద... నేను చూశాను నిన్ను. చూస్తూనే తొక్కాను. అది సూటు కాదు. నాకు తెలుసు."

నేను అక్కడ లేకపోతే బాగుండుననిపించింది. అమ్మ ముఖం చూడలేక వేలాడుతున్న సూటు చేతులు సర్దుతున్నట్టు వంగాను.

అత్త అమ్మ భుజం మీద చెయ్యేసింది. "సరే, చెప్పావుగా. అయిపోయింది. పోయి ఫొటో దిగు."

"అలాగే దిగుతా" అంటూ లేచి, యూనిఫారాల గుట్టలోంచి ఒకటి లాగి పైన వేసుకుంది అమ్మ. తలుపు తీసుకుని నేరుగా ముందుగదిలోకి వెళ్ళింది. అత్త వెనకే వెళ్ళింది, నేను మళ్ళీ తెర చాటున నిలబడ్డాను.

"నేను కాపాడలేదండీ" అంది పత్రికాయనతో. నిలబడిన చోటే నిలబడి, గోడను చూస్తూ. "తనను ముంచింది నేనే. నన్ను ఒడ్డుకు చేర్చింది తను."

పత్రికాయన చిన్నగా నవ్వాడు. "మంచి మనసున్నవాళ్ళు ఇలాగే అంటారండీ. ఈ మాట కూడా రాసుకుంటాను."

"దానికి పొగడ్త పడదు" అన్నాడు నాన్న పెడల్‌కి కాగితం చుడుతూ. "పెళ్ళిచూపుల్లోనూ ఇంతే, వంట బాగుందంటే పక్కింటావిడ చేసిందంది."

"నిజం చెబుతున్నా" అంది అమ్మ.

నాన్న అత్త వైపు చూశాడు. అత్త తువ్వాలును ఇంకో చుట్టు చుట్టుకుంది.

"అబ్బే, వదినకి మాస్టారి మాటలు విని కంగారు పుట్టింది అన్నయ్యా. నేను ఒడ్డున పడ్డాక కదా కళ్ళు తెరిచింది. వదినే లాక్కొచ్చింది."

అత్త ఎందుకలా అందో నాకు తెలుసు. నాన్న అమ్మను ప్రయాణం చేయనివ్వడేమోనని. అమ్మ మాత్రం ఇంకా చిన్నబోయింది. నిజం చెప్పినా అది అణకువ కిందే జమ అయింది. మళ్ళీ తల వంచుకుంది, మళ్ళీ అందరూ ముచ్చటగా చూశారు.

మాస్టారు ఒక్కరే ముచ్చటపడలేదు. తెర వైపు తిరిగారు.

"పిల్లా, ఇలా రా. వాళ్ళు ఒడ్డుకొస్తుంటే బుడగ ఎవరి నడుముకి కట్టి ఉంది?"

నేను తెర అంచు పట్టుకుని నిలబడ్డాను. అమ్మ నా వైపు చూడలేదు. "ఏమే కోడలా, నీకేం గుర్తుంటుందిలే" అంది అత్త.

"అత్త నడుముకి" అన్నాను.

"మరి అమ్మ బుడగ?"

"పందెంలో బుడగ ఉండనివ్వరు, లేకుండా అలవాటవ్వాలని నాకిచ్చేసింది. నా ఒళ్ళోనే ఉంది."

మాస్టారు తలూపారు. పత్రికాయన ముఖంలో నవ్వు మెల్లగా పోయింది. పుస్తకం మూసి, జేబులో పెట్టుకుని, "నేను మళ్ళీ వస్తానండీ" అని ఎవరి ముఖమూ చూడకుండా చెప్పులేసుకున్నాడు. ఆయన వెళ్ళేదాకా నాన్న కదల్లేదు. వెళ్ళాక అత్త దగ్గరికి పోయి, చిన్నపిల్లకి విప్పినట్టు మెడ మీది తువ్వాలు తనే విప్పాడు. చూశాడు. మళ్ళీ చుట్టాడు.

అరుస్తాడనుకున్నాను. అరిచినా బాగుండేది.

"అక్కడ అందరినీ ఒకేసారి నీళ్ళలోకి వదులుతారన్నావు" అన్నాడు అమ్మతో, నిదానంగా. "పక్కవాళ్ళ మోచేతులు మొహానికి తగులుతుంటాయన్నావు. అక్కడ నీ పక్కన ఈదేవాళ్ళకి ఎవరు చెబుతారు?"

ఆ క్షణంలో అమ్మ నా తోటి పిల్లలాగా, క్లాసులో నిలబెట్టిన పిల్లలాగా కనిపించింది. నాకు తట్టుకోలేనంత సిగ్గేసింది. అమ్మను చూసి కాదు, అలా చూస్తున్నందుకు.

"ఇంట్లో కూర్చుని తేల్చే విషయం కాదిది" అన్నారు మాస్టారు. "సూటు సరిగ్గా వేసుకుని, పక్కన ఒక మనిషిని పెట్టుకుని, ఈరోజే దిగాలి. డ్యామ్ మధ్యదాకా వెళ్ళాలి. భయమేసినా సరే, ఆ మనిషి మీద చెయ్యి వేయకుండా వెనక్కి రావాలి. వస్తే ప్రయాణం. రాకపోతే ఈ సైకిలు మళ్ళీ బిగించేద్దాం."

"నేను దిగుతా" అంటూ అత్త లేచింది. లేచీ లేవగానే దగ్గు తెరలు తెరలుగా వచ్చి కుర్చీలో పడేసింది.

"నువ్వు కూర్చో. నా మోకాలు సంగతి సరే సరి, ఈల వేయడానికే పనికొస్తాను" అన్నారు మాస్టారు. నాన్న తలదించుకున్నాడు. నాన్నకి ఈత రాదు.

ఎవరున్నారు ఇంక? ఈత కొలనులో నాకూ అత్తే నేర్పింది. నీళ్ళలో ఎవరూ మాట్లాడించరు కాబట్టి నాకు ఒడ్డుకంటే అక్కడే హాయిగా ఉంటుంది. డ్యామ్ మధ్యదాకా వెళ్ళి రావడం నాకు చేతనవునని మాస్టారికీ తెలుసు. అందుకే ఆయన నా వైపు చూడకుండా కిటికీ వైపు చూస్తున్నారు.

"నేను దిగుతాను" అన్నాను.

అంత గట్టిగా నేనెప్పుడూ మాట్లాడలేదు. నాన్న చటుక్కున లేచి నిలబడ్డాడు. అత్త దగ్గు ఆపుకోవడానికి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నేను అమ్మనే చూస్తున్నాను. వద్దంటుందనుకున్నాను, రమ్మంటుందనుకున్నాను.

అమ్మ నాకు కనబడకుండా తన రెండు చేతులూ వెనక్కి దాచుకుంది.